42 ఏండ్లు నాకు, వయసు రుజువు చేయమంటుంది, ఆధార్ పెడితే రిజెక్ట్ అయితుంది. ఎవరన్న చెప్పుండ్రి

కొత్తవాడ మగ్గం:
పొద్దుగాల 9 గంటల సంది దీంతోనే కూసున్న, ఇప్పుడు 4 అయింది, బువ్వ గూడ సక్కగ తినలె. నా వీడియోల అకౌంట్ తెరిస్తె వయసు ధృవీకరించుమని వస్తుంది, అది దాటి లోపలికి పోనిస్తలేదు. సెల్ఫీ పెట్టిన, కాలె. ఆధార్ ముందు ఎనుక రెండు ఫొటోలు పెట్టిన, మూడుసార్లు రిజెక్ట్. గడ్డం సగం తెల్లవడ్డది, నన్ను పిల్లగాడంటె ఎట్ల? జంపఖాన నేసే వీడియోలు చూసే ఆర్డర్లు వస్తయ్, మెసేజ్‌లన్ని అండ్లనే ఉన్నయ్. ఏం జేయాలె?

నయీంనగర్ తమ్మి:
అకౌంట్ల పుట్టిన తేది ఏమున్నది?

హంటర్ రోడ్:
అన్నా, ఆధార్ ఎనుక పక్క ఎందుకు పెట్టిండ్రు? అండ్ల ఇంటి అడ్రస్ ఉంటది. వాళ్లకు కావాల్సింది 18 దాటిందా లేదా అన్న ఒక్క ముక్క, దానికి 12 అంకెల నంబరు, ఇంటి నంబరు, ఫొటో అన్ని ఇచ్చుడేంది? 2017 ఆగస్టు 24 నాడు సుప్రీంకోర్టుల తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చిండ్రు, మనమేమో అడిగినోళ్లకల్ల కార్డు చూపెడుతున్నం. 2025 అక్టోబర్ల డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ సంగతి చూడుండ్రి, వయసు మీద అప్పీలు పెట్టుకున్నోళ్లు పంపిన ఐడీ ఫొటోలు వాళ్ల కస్టమర్ సర్వీస్ చూసే బయటి కంపెనీ నుంచి పోయినయ్, దాదాపు 70,000 మందియి. పెట్టుడు తప్పదనుకుంటె మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోండ్రి, చివరి 4 అంకెలే కనవడ్తయ్.

కాజీపేట అక్క:
మీరు ప్రైవసీ అంటరు గని నా ఇంట్ల 9వ తరగతి పిల్లగాడు ఉన్నడు, రాత్రి 1 దాక దుప్పట్ల ఫోన్ ఎలుగుతనే ఉంటది. ఆస్ట్రేలియాల 2025 డిసెంబర్ 10 సంది 16 ఏండ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా అకౌంట్లే బంద్ పెట్టిండ్రు. మన దగ్గర గూడ రావాలె.

హంటర్ రోడ్:
అక్కా మీ బాధ నిజమే, నేను కాదంటలే. గని పిల్లగాడెవడో తెలువాలంటె పెద్దోళ్లను గూడ అడగాలె గద, అడగకుంట ఎట్ల తెలుస్తది? గందుకె మగ్గం అన్న అసొంటోళ్ల కార్డులు గూడ పోతున్నయ్. ఆస్ట్రేలియాల గూడ సర్కారు ఐడీ ఒక్కటే అడగొద్దు, వేరే దారి గూడ ఉంచాలె అని చట్టంలనే రాసుకున్నరు. మన 2023 డేటా చట్టంల అయితె 18 లోపు అందరు పిల్లలే, తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలె. రూల్స్ 2025 నవంబర్ల వచ్చినయ్, కంపెనీలకు 18 నెలల టైం ఇచ్చిండ్రు. ఆ ఒప్పుకోలు అమ్మానాన్నలదే అని తేల్చెటందుకు మళ్ల ఏ కార్డు అడుగుతరో అన్నదే నా భయం.

సుబేదారి మాస్టర్:
ఒక్క మాట. సెల్ఫీ తీసుకునేది ధృవీకరణ కాదు, అంచనా. మొఖం చూసి మిషన్ ఇన్నేండ్లు ఉండొచ్చు అని లెక్క కడ్తది. కార్డు చూసి తేల్చేదే ధృవీకరణ. రెండిటిని ఒకటే పేరుతోని పిలిస్తె జనానికి ఏమిస్తున్నరో తెల్వదు.

కాజీపేట అక్క:
పేరు ఏదైతేంది మాస్టర్, మొఖమైతె ఇచ్చినట్టే గద.

సుబేదారి మాస్టర్:
ఏదైతేంది అంటె కాదమ్మా. మొఖం గుర్తువట్టుడు వేరు, వయసు అంచనా కట్టుడు వేరు. ఫొటో చూసి అప్పుడే తీసేస్తరా, దాచిపెట్టుకుంటరా అన్నది అడగాలె.

నయీంనగర్ తమ్మి:
అన్నా పుట్టిన తేది అడిగిన.

కొత్తవాడ మగ్గం:
ఇప్పుడే చూసిన తమ్మి. 2020ల లాక్‌డౌనప్పుడు పాప ఆన్‌లైన్ క్లాసులకని నా ఫోన్లనే ఈ అకౌంట్ తెరిచినం, పాప తేదే కొట్టినం, 2011. తర్వాత పేరు మార్చిన గని తేది ఎవరు చూసిండ్రు. పాపకు ఇప్పుడు వేరే ఉన్నది, ఇది జంపఖానాలకే. గది గూడ చెప్పాల్నా?

నయీంనగర్ తమ్మి:
అదే కారణం. ఆధార్ల పూర్తి తేది ఉన్నదా?

కొత్తవాడ మగ్గం:
లేదు, పుట్టిన సంవత్సరం 1983 అనే ఉన్నది. లామినేషన్ చేయించిన కార్డు, ఫొటోల సరిగ్గ ఆ 1983 మీదనే ట్యూబ్‌లైటు తెల్లటి గీత వడ్డది, ఇప్పుడు పెద్దగ చేసి చూస్తె కనవడుతుంది.

నయీంనగర్ తమ్మి:
వాళ్ల లిస్టుల పాన్ కార్డు ఉంటె అది పెట్టు. పూర్తి తేది ఉంటది, అడ్రస్ ఉండదు. కిటికి కాడ పెట్టి, ఫ్లాష్ బంద్ చేసి తియ్యి. నాలుగు మూలలు పడాలె.

హంటర్ రోడ్:
ఇది మంచిగ చెప్పినవ్ తమ్మి. పాన్ల గూడ నంబర్ ఉంటది, గని ఇల్లు ఏడుందో తెల్వది.

సుబేదారి మాస్టర్:
అసలు ధృవీకరణ అన్న మాటే జనం నోట్ల లేదు, రుజువు అంటె సరిపోతది.

కొత్తవాడ మగ్గం:
లిస్టుల ఉన్నది, పాన్ పెట్టిన. పరిశీలనలో ఉంది అని చూపెడుతుంది. మంచిది తమ్మి, మగ్గం కాడికి పోవాలె.

హంటర్ రోడ్:
అన్నా, ముందు పెట్టిన ఆధార్ ఫొటోలు తీసెయ్యమని వాళ్లకు రాసిండ్రా?

హంటర్ రోడ్:
అన్నా?