బాజీ అనే చైనా జాతకంలో నీరు సున్నా వచ్చింది, పెంచాలా?

సింగపూర్_అమ్మ: మా బాబు ఇక్కడే 2019 జనవరి 20న రాత్రి 7:30కి పుట్టాడు. యాప్‌లో బాజీ జాతకం వేస్తే మట్టి 4, నిప్పు 2, చెట్టు 1, లోహం 1, నీరు సున్నా అని వచ్చింది. ఉత్తరం వైపు అక్వేరియం పెట్టమని, నల్లబట్టలు వేయమని కూడా రాశారు. నిన్నటి నుంచి ఒకటే టెన్షన్. ఎవరైనా ఇలాంటివి పాటించారా?

తైపే_తెలుగు: ఇక్కడ ఇది మామూలేనండి. లోహం తక్కువైతే బంగారం అనే చైనా అక్షరాన్ని మూడుసార్లు పేర్చి రాసే 'షిన్' పేరులో కలుపుతారు. కానీ బాగా తెలిసినవాళ్లు లెక్క ఒక్కటే చూసి సలహా ఇవ్వరు.

నాలుగు_స్తంభాలు: అవును, జాతకంలో లేనిదల్లా కావాల్సిందే అనుకోకూడదు. బాజీలో పుట్టిన ఏడాది, నెల, రోజు, గంట ఒక్కోటి ఒక స్తంభం, ఒక్కో స్తంభానికి పైన ఒక అక్షరం, కింద జంతువు పేరున్న ఒక అక్షరం ఉంటాయి. బాబు డే మాస్టర్, అంటే పుట్టిన రోజు పై అక్షరం, 'డింగ్'. దీపంలాంటి నిప్పు అది, పైగా పుట్టింది చలి ముదిరిన ఎద్దు నెలలో, చుట్టూ ఇంత మట్టి, నిప్పు బలమంతా ఆ మట్టికే పోతుంది, అలాంటి దీపం మీద ఇంకా నీళ్లు పోయమంటారా? ఎద్దు అక్షరం లోపల నీరు కొంచెం దాగే ఉంటుంది, యాప్ దాన్ని మట్టిగా మాత్రమే లెక్కేసింది. బాబుకి కావాల్సింది చెట్టు. అది నిప్పుకి మేత, మట్టికి అదుపు.

వేపనీడ: మన పంచభూతాలే కదా, చెట్టు ఎక్కడినుంచి వచ్చింది?

నాలుగు_స్తంభాలు: ఇవి వేరండి. ఇందులో గాలి, ఆకాశం ఉండవు, చెట్టు, లోహం ఉంటాయి.

తైపే_తెలుగు: ఇంకో సంగతి, సింగపూర్ గడియారం 1982 నుంచి చైనా టైమే, కానీ ఊరు చాలా పడమరగా ఉంది. సూర్యుడి లెక్కలో 7:30 అంటే దాదాపు 6:15. అప్పుడు గంట స్తంభం కుక్క కాదు, కోడి అవుతుంది.

నాలుగు_స్తంభాలు: అయితే మొత్తం మారిపోతుంది! రోజు కింద పాము, నెలలో ఎద్దు, గంటలో కోడి, ఈ మూడూ కలిస్తే లోహం కూటమి. పాములో ఉన్న నిప్పు కూడా అటే లాగేస్తుంది. చెట్టు అవసరం ఇంకా పెరిగింది.

సింగపూర్_అమ్మ: అయితే అక్వేరియం వద్దా? ఒక షాపులో నల్లరాళ్ల బ్రేస్‌లెట్ కూడా తెగ అంటగట్టబోయారు.

నాలుగు_స్తంభాలు: రెండూ వద్దు. తూర్పు వైపు నాలుగు మొక్కలు పెట్టండి, ఆకుపచ్చ బట్టలు వేయండి, చాలు. అసలు పెద్ద విషయం పదేళ్ల దశలు. లిచున్, అంటే బాజీలో తర్వాతి నెల మొదలయ్యే రోజు, 2019 ఫిబ్రవరి 4న, పుట్టాక పదిహేను రోజులకి వచ్చింది, మూడు రోజులకి ఏడాది చొప్పున బాబుకి అయిదేళ్లప్పుడే మొదటి దశ మొదలైంది. అది 'బింగ్ యిన్', పైన నిప్పు, కింద చెట్టు. తర్వాతది 'డింగ్ మావ్', అదీ అంతే. అంటే ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా వాడికి కావాల్సిన రెండూ దశల్లోనే ఉన్నాయి.