పేరిణి నేర్చుకుంటున్నా: కదలని బొమ్మల నుంచి అడుగులు ఎలా వచ్చాయి?

హన్మకొండ పిలగాడు:
అందరికీ నమస్తే. నేను హన్మకొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నా. ఎండాకాలం సెలవుల నుంచి పేరిణి క్లాసుకు పోతున్నా, అదే, కాకతీయుల కాలం నాటిదని చెప్పే నాట్యం. స్టేజీ మీద మొదటిసారి చూసినప్పుడు ఆ గంతులు, ఆ మృదంగం వేగం చూసి ఒళ్లు జలదరించింది. చేరాక మాత్రం మా సారు అరమండిలో, అంటే మోకాళ్లు పక్కకు వంచి సగం కూర్చున్న భంగిమలో పెట్టి, తట్టడుగులు (పాదం నేలకు కొట్టే మొదటి అడుగులు) తప్ప వేరే ఏమీ చేయించడం లేదు. గజ్జెలు ముట్టుకోనివ్వడు. మోకాళ్లు ఎంత లాగుతున్నాయంటే హాస్టల్ మెట్లు గోడ పట్టుకుని దిగుతున్నా. ఇది మామూలేనా?

ఇంకోటి. మా రూమ్మేట్ అన్నాడు: "అది కాకతీయుల నాట్యం ఎట్లయితది? రామప్ప బొమ్మలు చూసి మొన్నమొన్న కట్టుకున్నది. బొమ్మ కదలదు కదా, మధ్యలో అడుగులు ఎవరు చెప్పిన్రు?" నాకు జవాబు తోచలేదు. సారును అడగాలంటే భయం. తెలిసినవాళ్లు చెప్పండి.

గజ్జెల మోత:
తమ్ముడూ, నీ రూమ్మేట్ మీద కోపం తెచ్చుకోకు. వాడు అడిగింది సరైన ప్రశ్న. నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. డ్యూటీ దిగాక సాయంత్రాలు పిల్లలకు పేరిణి చెప్తాను, అవకాశం వస్తే ఆడతాను. నాకు తెలిసింది చెప్తా.

పేరిణి గురువు నుంచి శిష్యుడికి తెగకుండా వచ్చిన ఆట కాదు. నడుమ తెగిపోయింది. దాన్ని మళ్లీ నిలబెట్టింది నటరాజ రామకృష్ణ గారు. ఆయన ముందు రెండే ఆధారాలు. ఒకటి జాయప సేనాని సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళి, రెండోది రామప్ప గుడి. జాయప కాకతీయ రాజు గణపతిదేవుడి దగ్గర ఏనుగుల దళానికి అధిపతి. 1253-54 ప్రాంతంలో రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో మొదటి నాలుగు మార్గ పద్ధతి, అంటే పాత శాస్త్రం చెప్పిన తీరు. తర్వాతి నాలుగు దేశి, అంటే ఆయా ప్రాంతాల్లో ఆడే తీరు. పేరిణి ఉన్నది దేశి భాగంలో. గుడి దానికంటే ముందుది, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది. రామకృష్ణ గారు పాత ఆలయ నర్తకుల దగ్గర కూర్చుని వాళ్ల ఆట నేర్చుకున్న మనిషి. ఆ అనుభవంతోనే ఈ రెండింటినీ కలిపి చదివాడు. 1985 శివరాత్రికి రామప్పలోనే ఆడించాడు.

కాబట్టి ఇది తిరిగి కట్టిన నాట్యమే. ఆ మాట ఒప్పుకోవడానికి నామోషీ ఎందుకు? నాకు చిరాకు తెప్పించేది మైకు పట్టుకుని "ఎనిమిది వందల ఏళ్లుగా తెగని పరంపర" అనే యాంకర్లు. "యుద్ధానికి పోయే ముందు సైనికులు ఆడేవాళ్లు" అనే కథ కూడా స్టేజీకి బాగుంటుంది. కానీ ఆ కథ తీసేసినా ఆట నిలబడాలి. నిలబడకపోతే లోపం ఆడేవాడిది.

ఇక నడుమ అడుగుల సంగతి. రామప్పకు పోయినోళ్లంతా పైన వాసాల దగ్గరున్న మదనికల (నిలువెత్తు ఆడ బొమ్మల) ఫోటోలే తీసుకుంటారు. నల్లరాయి మెరుపు, పొడవైన నడుము, నిజమే, చూపు తిప్పుకోలేం. నువ్వు వాటిని వదిలేయ్. రంగమండపం స్తంభాల మీద, దూలాల మీద చిన్నచిన్న నర్తకులు, మద్దెలవాళ్లు ఉంటారు. ఒక బొమ్మను పట్టుకో. బరువు ఏ కాలి మీద ఉంది, ఏ మోకాలు వంగింది, నడుము ఎటు జరిగింది, రెండో పాదం మడమ లేచిందా, వేలు లేచిందా చూడు. అచ్చం అట్లనే నిలబడు, ఊరికే నిలబడి ఉండు. కాసేపటికి తొడ వణుకుతుంది. అప్పుడు నీకే తెలుస్తుంది, ఆ కాలు ఎక్కడి నుంచి వచ్చి ఉండాలో, అక్కడి నుంచి ఎటు పోగలదో. పోయే దారులు రెండో మూడో ఉంటాయి, అంతే. వేరే దారి పట్టావా, తూలి పడతావు. శిల్పి చెక్కింది అడుగు ఆగిన చోటు. ముందు వెనకలు ఒంటిని అడిగితే చాలావరకు ఒళ్లే చెప్తుంది, మిగిలింది జాయప చెప్తాడు. అయినా కొన్ని చోట్ల గురువు తన బుద్ధితో నింపుకోక తప్పదు. అందుకే ఇద్దరు గురువుల పేరిణి ఒక్క తీరుగా ఉండదు.

గజ్జెలు ఎందుకు ఇవ్వడంటే, పేరిణిలో ఘర్ఘరం అని ఒక అంగం ఉంది. గజ్జెల మోతను పాదంతో ఆడించడం. గజ్జెలు కడితే ప్రతివాడి అడుగూ బాగానే వినపడుతుంది, తప్పు ఆ మోతలో దాక్కుంటుంది. ఉత్త కాలితో కొట్టు. మడమ, వేళ్లు ఒకేసారి పడితే ఒకటే దెబ్బ వినపడుతుంది. వేర్వేరుగా పడితే రెండు చప్పుళ్లు. మూడో కాలంలో, అంటే అన్నిటికంటే ఎక్కువ వేగంలో కూడా ఒకటే దెబ్బ వచ్చినప్పుడు మీ సారే పిలిచి కడతాడు.

అరమండి గురించి నాకు క్లాసు కంటే బస్సే ఎక్కువ నేర్పింది. ములుగు రూట్లో టికెట్లు కొట్టేటప్పుడు మోకాళ్లు బిగపట్టి నిలబడితే మొదటి బ్రేకుకే ముందు సీటాయన ఒళ్లో పడతాం. మోకాళ్లు కొంచెం వంచి ఉంచితేనే ఒళ్లు నిలుస్తుంది, అరమండి కూడా అంతే.

మోకాళ్ల డాక్టరమ్మ:
నేను ఫిజియోథెరపిస్టును. డ్యాన్సు పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. తొడ కండరాలు లాగడం వేరు, కీలు నొప్పి వేరు. నీకు మెట్లు దిగేటప్పుడు చిప్ప ముందు వైపు నొప్పి అయితే, చాలాసార్లు కారణం ఒకటే: పాదాలు పక్కకు తిప్పుతారు, తుంటి తిరగదు. ఆ తేడా అంతా మోకాలు మోస్తుంది. అద్దం ముందు అరమండిలో కూర్చుని చూసుకో. మోకాలు పాదం వేళ్ల దిక్కుకే ఉండాలి. లోపలికి వాలుతుంటే పాదాలు తక్కువ తిప్పు. కూర్చునే లోతు కూడా తగ్గించుకో, సిగ్గేం లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఎక్కడ ఆడుతున్నావు? షాబాద్ బండల మీద, సిమెంటు గచ్చు మీద గంటల తరబడి కాలు కొట్టొద్దు. చెక్క ఫ్లోర్ దొరక్కపోతే మట్టి నేల నయం. వాపు వచ్చినా, మోకాలు పట్టేసినా ప్రాక్టీస్ ఆపి ఎముకల డాక్టరుకు చూపించుకో. "నొప్పిలోనే సాధన ఉంది" అనే మాటలు వినకు.

జనగామ బిడ్డ:
గజ్జెల మోత అన్నా, మంచిగా చెప్పినవు. కానీ ఒక మాట. జాయప దేశి నృత్తాల్లో పేరిణి ఒక్కటే రాశాడా? చిందు, కోలాటం కూడా రాశాడు. తెగిపోయిన దాన్ని లేపడానికి ఇంత కష్టపడ్డాం, తెగకుండా ఉన్నవాటిని పట్టించుకునేది ఎవరు? మా తాత చిందు భాగవతుడు. రాత్రంతా జాంబపురాణం (మా చిందోళ్లు ఆడే కథ) ఆడేవాడు. ఆయనకు క్లాసు లేదు, ఫీజు లేదు. చిన్నప్పుడు తాళాలు పట్టుకుని వెనక నిలబడి నేర్చుకున్నాడు. 2024లో గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంట్లో స్వీట్లు పంచినం. 2021లో గోండుల గుస్సాడీ ఆట ఆడే కనకరాజుకు వచ్చింది. అవార్డులు సంతోషమే. చిందు మేళానికి మాత్రం ఊర్లలో పిలుపులు తగ్గినయి. పిలిచినా డీజే పెట్టుకుని, నడుమ అర్ధగంట ఆడమంటరు.

గజ్జెల మోత:
తమ్ముడూ, నువ్వన్నదానికి ఎదురు చెప్పలేను. మా పిల్లలను చిందు ఆటకు తీసుకుపోతుంటా. చిందులో ఆడేవాడే పాడతాడు, మాటా చెప్తాడు. మా పేరిణి వాళ్లలో చాలామంది నోరు మూసుకుని ఆడతారు, పాట రికార్డులో మోగుతుంది. జతి (అడుగుల తాళానికి చెప్పే మాటలు) నోటితో చెప్పలేనివాడికి కాలు కూడా సరిగ్గా పడదని నా నమ్మకం. రికార్డు పెట్టి పేరిణి ఆడటం నాకు అసలు నచ్చదు. ఆడేవాడు ఆయాసపడితే మృదంగం ఆయన చూసుకుంటాడు. రికార్డుకు ఏం తెలుసు?

హన్మకొండ పిలగాడు:
అందరికీ థ్యాంక్స్. అద్దంలో చూసుకున్నా, డాక్టరమ్మ చెప్పినట్టే మోకాళ్లు లోపలికి వాలుతున్నాయి. సారుకు చెప్తే తిట్టలేదు, పాదాలు కొంచెం దగ్గరికి పెట్టించాడు. ఈ ఆదివారం రూమ్మేట్‌ను తీసుకుని రామప్ప పోదామనుకుంటున్నా. బండి లేదు, ఎట్లా పోవాలి?

గజ్జెల మోత:
హన్మకొండలో ములుగు దిక్కు పోయే బస్సు ఎక్కి, ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగండి. అక్కడి నుంచి గుడి ఉన్న పాలంపేటకు ఆటోలు ఉంటాయి. పొద్దున్నే పోండి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఆదివారాలు జనం బాగా పెరిగారు, పదకొండు దాటితే స్తంభం ముందు నిలబడనివ్వరు. చిల్లర పెట్టుకుని ఎక్కు, ఐదు వందల నోటు ఇస్తే నేనైనా తిడతా.