ఆరు నెలల ఫార్మసీ టెక్నీషియన్ సర్టిఫికెట్‌కు ఫీజు కట్టవచ్చా?

కాశీనగర్ విద్యార్థి
నేను బి.ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పర్లాకిమిడిలో ఒక శిక్షణ కేంద్రం వారు ఫార్మసీ టెక్నీషియన్ (ఫార్మసిస్టుకు సహాయకుడు) సర్టిఫికెట్ ఇస్తామంటూ కరపత్రాలు పంచుతున్నారు. చదువుకుంటూనే మందుల షాపులో ఉద్యోగం, ఆపైన అమెరికా అని ఊరిస్తున్నారు. ఇంటర్ పూర్తిచేసిన మా చెల్లెలు కూడా డి.ఫార్మసీ మానేసి ఇదే చేస్తానంటోంది. తెలిసినవారు చెప్పండి.

బరంపురం ఫార్మసిస్టు
కట్టకు తమ్ముడూ. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వవలసింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. టెక్నీషియన్ అనే హోదా ఆ చట్టంలో లేదు. ఈ ఆరు నెలల కాగితంతో మీ చెల్లెలి పేరు రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టరులోకి ఎక్కదు. డి.ఫార్మసీ అయితే రెండేళ్ల చదువు, 500 గంటల శిక్షణ. కష్టమే, కానీ చేతికి వచ్చేది అసలైన అర్హత.

మందుల షాపు, రాయగడ
అంత సులువుగా కొట్టిపారేయకండి. డ్రగ్స్ రూల్స్‌లో 65(2) చదవండి. చీటీ మందును ఫార్మసిస్టు స్వయంగా గానీ, ఆయన ప్రత్యక్ష పర్యవేక్షణలో గానీ ఇవ్వాలని ఉంది. అంటే సహాయకుడికి చోటు ఉన్నట్టే కదా? నా షాపులో ఫార్మసిస్టు ఒక్కరే. సంత రోజు కౌంటరు దగ్గర కాలు పెట్టే సందు ఉండదు. మొన్న కొత్తగా చేరిన కుర్రాడు ఇన్సులిన్ పెట్టెలను తీసుకెళ్లి ఫ్రిజ్‌లో ఐసు కట్టే అరలో సర్దాడు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని పెట్టె మీదే రాసి ఉంది. గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పారబోయవలసిందే. కొన్ని యాంటీబయాటిక్స్ లాంటి మందుల అమ్మకాలు నమోదు చేసే హెచ్1 రిజిస్టరు ఎందుకు రాస్తామో, దాన్ని మూడేళ్లు ఎందుకు దాచాలో కూడా అతనికి తెలియదు. ఇవన్నీ నేర్పి పంపే కోర్సు ఏదైనా ఉంటే నాకు ఎంతో మేలు.

బరంపురం ఫార్మసిస్టు
నేర్పడానికి నేను అడ్డు చెప్పడం లేదు. పర్యవేక్షణ అంటే ఫార్మసిస్టు అక్కడ ఉండి చూడడం. మీ షాపును అనడం లేదు గానీ, చాలా చోట్ల ఫార్మసిస్టు గోడ మీద ఫ్రేములోని సర్టిఫికెట్‌గానే ఉంటాడు, మనిషి కనిపించడు. అలాంటి యజమాని చేతికి టెక్నీషియన్ అనే ముద్ర ఉన్న ఇంకో కాగితం దొరికితే? తనిఖీకి వచ్చినవారికి అదే చూపించి, ఫార్మసిస్టు జీతం మిగుల్చుకుంటాడు. నా భయమంతా అదే.

గుణుపురం నుంచి న్యూజెర్సీకి
అమెరికా సంగతి నేను చెబుతాను. ఇక్కడ పేరున్న సర్టిఫికెట్ పీటీసీబీ అనే టెక్నీషియన్ల సర్టిఫికేషన్ బోర్డుది. పరీక్షలో 90 ప్రశ్నలు, గంటా యాభై నిమిషాల సమయం, ఫీజు 129 డాలర్లు. రెండేళ్లకోసారి రెన్యువల్, అందుకు 20 గంటల అదనపు చదువు. అమెరికాలోనో, దాని అధీనంలోని ప్రాంతాల్లోనో ఉండేవారే ఈ పరీక్ష రాయగలరు. పర్లాకిమిడి కాగితానికి దీనితో ఏ సంబంధమూ లేదు.
ఇక్కడ ఫార్మసీ కళాశాలలో చేరబోయేవారికి మాత్రం ఇది నిజంగా పనికివస్తుంది. కౌంటరు వెనక పని ఎలా ఉంటుందో చేరక ముందే తెలుస్తుంది, నాలుగు డాలర్లూ వస్తాయి. మనవాళ్ల కథ వేరు. విదేశీ డిగ్రీతో ఇక్కడ ఫార్మసిస్టు కావాలంటే ముందు అర్హత పరీక్ష రాయాలి. 2003 నుంచి డిగ్రీ పొందినవారు దానికి కూర్చోవాలంటే అది అయిదేళ్ల కోర్సు అయి ఉండాలి. ఆరేళ్ల ఫార్మ్.డి. వారికి దారి ఉంది, నాలుగేళ్ల బి.ఫార్మసీ వారికి లేదు. నేను టెక్నీషియన్‌గా మిగిలిపోయింది అందుకే. పని చిన్నదేమీ కాదు, కానీ ఫార్మసిస్టు చూసి సరే అననిదే ఒక్క సీసా కౌంటరు దాటదు. కరపత్రంలో ఈ ముక్క రాశారా?

సిరొంచ విద్యార్థిని
అన్నయ్యలందరూ రెండేళ్ల చదువు అని తేలిగ్గా అంటున్నారు. మా ఇంట్లో ఆడపిల్లను దూరపు ఊరి హాస్టల్లో పెట్టి చదివించడానికి ఒప్పుకోరు. నాకు తెలుగు, మరాఠీ, కొంచెం గోండీ వచ్చు. రోజుకు రెండుసార్లు వేసుకోవలసిన మాత్రను మూడుసార్లు వేసుకోకుండా రోగికి అర్థమయ్యేలా చెప్పగలను. సహాయకురాలి స్థాయి ఇంతే అని స్పష్టంగా రాసి ఇచ్చే కోర్సు ఉంటే తప్పేమిటి? ఫార్మసిస్టునని నేనేమీ చెప్పుకోను.

బరంపురం ఫార్మసిస్టు
నువ్వు చెప్పుకోవు చెల్లమ్మా. నీతో చెప్పించేవాడు యజమాని.

కాశీనగర్ విద్యార్థి
కేంద్రానికి ఫోను చేసి, దీనితో కౌన్సిల్‌లో పేరు నమోదవుతుందా అని అడిగాను. ‘ముందు చేరండి, తరవాత ఆఫీసులో మాట్లాడదాం’ అన్నారు. చెల్లెలు డి.ఫార్మసీకే దరఖాస్తు పెడుతోంది. నాకు మాత్రం షాపు పని నేర్చుకోవాలనే ఉంది.

మందుల షాపు, రాయగడ
సెలవుల్లో మా షాపుకు రా బాబూ. ఫీజు అక్కర్లేదు. మొదటి వారమంతా ఎక్స్‌పైరీ తేదీలు చూసి, పాత సరుకు పక్కకు తీయడమే పని. అలిగి వెళ్లిపోకపోతే తరవాత చీటీలు చదవడం నేర్పిస్తాం.

బరంపురం ఫార్మసిస్టు
వెళ్లు తమ్ముడూ. ఫార్మసిస్టు ఏ వేళల్లో షాపులో ఉంటారో ముందే కనుక్కుని, ఆ వేళల్లోనే వెళ్లు.