నిలబడి ఉండే క్యారవాన్‌కు గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి? కిలోమీటర్లు చూడాలా, ఏళ్లు చూడాలా?

పానగల్లు వాసి:
మాది నల్లగొండ. సెకండ్ హ్యాండ్‌లో టెంపో ట్రావెలర్ కొని, సీట్లు తీయించి మంచాలు, వంటగట్టు, 100 లీటర్ల నీళ్ల ట్యాంకు, ఇన్వర్టర్ బ్యాటరీలు పెట్టించుకున్నాం. మాన్యువల్ గేర్లే. కొని నాలుగేళ్లు దాటింది కానీ మేం తిప్పింది 20 వేల కిలోమీటర్లు కూడా ఉండదు. సెలవులు వస్తే తప్ప బండి ఇంటి ముందు వేపచెట్టు కిందే ఉంటుంది. ఇప్పుడు దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం, అక్కడి నుంచి గండికోట వెళ్దామనుకుంటున్నాం. షెడ్డులో చూపిస్తే గేర్ ఆయిల్, హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసు మధ్య గేర్లుండే గుండు) ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, స్టీరింగ్ ఆయిల్ అన్నీ మార్చాల్సిందే అన్నారు. మా బావ ఏళ్ల తరబడి లారీ నడిపిన మనిషి. "నడవని బండికి ఆయిల్ ఎట్ల పాడైతది? పైసలు గుంజుడు తప్ప" అంటున్నాడు. ఎవరి మాట వినాలో చెప్పండి.

జడ్చర్ల లైన్ డ్రైవర్:
బావగారికే నా ఓటు. ఇంజన్ ఆయిల్ సంగతి వేరు, అందులో మసి చేరుతుంది, డీజిల్ కలుస్తుంది. గేర్‌బాక్స్‌లో మంట ఎక్కడుంది? మూత బిగించిన డబ్బాలో ఉన్నట్టే. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు దాటాక మార్చుకోండి, అంతే. అన్నీ మార్చాలనడం కొన్ని షెడ్లకు ఊతపదం అయిపోయింది.

ఆర్సీ బుక్కు:
ఆయిల్ సంగతి సరే, సీట్లు తీసి మంచాలు వేసింది ఆర్సీలో ఎక్కించారా అన్నా? లేకపోతే చెక్‌పోస్టు దగ్గర ఒక టెన్షన్, ఇన్సూరెన్స్ దగ్గర ఇంకో టెన్షన్.

పానగల్లు వాసి:
ఎక్కించాం. ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగిన కథ ఇంకోసారి చెప్తా.

దేవరకొండ షెడ్డు:
నేను షెడ్డు వాడినే కాబట్టి నా మాటకు సగం తగ్గించి చదవండి.

డ్రైవర్ అన్న చెప్పిన "డబ్బా"కు ఒక చిల్లు ఉంటుంది, దాన్ని బ్రీదర్ అంటారు. గేర్‌బాక్స్‌కూ ఉంటుంది, వెనక హౌసింగ్‌కూ ఉంటుంది. బండి నడిచి వేడెక్కితే లోపలి గాలి బయటికి పోతుంది, చల్లారితే బయటి గాలి లోపలికి వస్తుంది. వానాకాలం గాలితో పాటు తేమ కూడా వస్తుంది. అందుకని ఏడాదికే ఆయిల్ చెడుతుందని నేననను. కానీ నాలుగేళ్లు నిలబడ్డ బండిని చూడకుండానే బాగుందనీ అనలేం, చూడకుండానే పారబోయమనీ అనలేం.

రెండోది బరువు. మామూలు ట్రావెలర్‌లో జనం ఎక్కుతారు, దిగుతారు. క్యారవాన్‌లో మంచాలు, బ్యాటరీలు దిగవు. నీళ్లే 100 కిలోలు. అంటే బండి కదిలినప్పుడల్లా లోడుతోనే కదులుతుంది. లోడు, ఘాట్, ఎండ ఉన్నచోట ఆయిల్ తొందరగా మార్చమని చాలా పుస్తకాల్లో వేరే లెక్క ఉంటుంది. మనవాళ్లు ఆ పేజీ తిప్పరు.

చూసుకోవడం ఇలా. బండిని సమంగా ఉన్న చోట ఆపండి. గేర్‌బాక్స్ పక్కన ఉండే నింపే బోల్టు ముందు విప్పండి, కింది బోల్టు జోలికి అప్పుడే వెళ్లొద్దు. కిందిది ముందు విప్పి ఆయిలంతా కారిపోయాక పక్క బోల్టు తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. పక్క బోల్టు రాగానే వేలు పెట్టండి. ఆయిల్ ఆ రంధ్రం అంచు దాకా ఉండాలి. తెల్లగా పాల చాయలో ఉంటే నీళ్లు చేరినట్టు, ఆ రోజే మార్చాలి. మాడు వాసన వచ్చినా అంతే.

జడ్చర్ల లైన్ డ్రైవర్:
చూసి మార్చమంటే నాకేం అభ్యంతరం లేదు తమ్మీ. చూడకుండా బిల్లు రాసేవాళ్ల మీదే నా కోపం. అయినా ఘాట్ దిగడానికి ఆయిల్‌తో ఏం పని? రెండో గేర్‌లో పెట్టి దింపాలి. బ్రేక్ మీద కాలు పెట్టుకుని దింపేవాడికి కొత్త ఆయిల్ పోసినా ఒకటే.

కెమిస్ట్రీ మాస్టారు, మిర్యాలగూడ:
గేర్‌లో దింపాలన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ బావగారికీ మీకూ ఒక తేడా తట్టడం లేదు. పెద్ద లారీలకు ఎయిర్ బ్రేకులు. వాటిలో బ్రేక్ ఆయిలే ఉండదు. ట్రావెలర్‌కు ఉన్నవి ఆయిల్ బ్రేకులు. లారీ అనుభవం ఇక్కడ పనికిరాదు.

బ్రేక్ ఆయిల్ పేరుకే ఆయిల్. మన బండ్లలో వాడే డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ రకాలు, గాలిలో తేమను పీల్చుకోవడం వాటి గుణం. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు 230 నుంచి 155. బండి నడిచినా నిలబడినా తేమ చేరుతూనే ఉంటుంది. కాబట్టి దీనికి కిలోమీటర్ల లెక్క లేదు, రెండేళ్ల లెక్కే.

ఈగలపెంట దాటాక కృష్ణ వంతెన దాకా మలుపులు దిగుతుంటే బ్రేకులు కాగుతాయి. చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేక్ లైనింగులు కాగి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి ఆగదు. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా కిందికంటా పోతుంది. రెండోది వయసైపోయిన ఆయిల్ వల్ల వచ్చేది. క్లచ్ కూడా ఆయిల్‌తో పనిచేసేదైతే అందులోనూ ఎక్కువగా ఇదే ద్రవం ఉంటుంది, దాన్నీ కలిపి మార్పించండి.

జడ్చర్ల లైన్ డ్రైవర్:
ఎయిర్ బ్రేకుల మాట నిజమే మాస్టారూ. బ్రేక్ ఆయిల్ మార్చుకోండి, అది ఒప్పుకుంటున్నా. గేర్ ఆయిల్ దగ్గర మాత్రం ఒప్పుకోను.

పాలమూరు ఆటోమేటిక్:
నాది వెనక సీట్లు మడిచి పరుపు వేసుకునే ఆటోమేటిక్ ఎస్‌యూవీ. "జీవితాంతం మార్చక్కర్లేదు" అని అమ్మినప్పుడు చెప్పారు. ఇప్పుడు లక్ష కిలోమీటర్లు దాటింది. మారిస్తే గేర్లు జారతాయని ఒకాయన, మార్చకపోతే బాక్సే పోతుందని ఇంకొకాయన.

దేవరకొండ షెడ్డు:
ఎవరి జీవితాంతం అని అడగాల్సింది సార్! ఆటోమేటిక్‌లో ఆయిల్ గేర్ పళ్లకు తడి అందించడంతో ఆగదు. ఒత్తిడి పుట్టించి క్లచ్‌లను పట్టించేదీ అదే, వేడిని మోసుకుపోయేదీ అదే. 44, 45 డిగ్రీల మే నెలలో లోడుతో ట్రాఫిక్‌లో నిలబడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. మార్చాక జారిన బండ్లు ఉన్నాయి, కాదనను. నేను చూసినంతలో వాటిలో క్లచ్‌లు ముందే అరిగిపోయాయి. జారడం మొదలయ్యాక భయపడి ఆయిల్ మార్చి, ఆయిల్ మీద నింద వేస్తారు. మీ బండి ఇప్పుడు సాఫీగా ఉంటే మెషీన్‌తో ఒత్తిడి పెట్టి కడిగించకండి. కింద వదిలి, కారినంత కొలిచి, పుస్తకంలో చెప్పిన రకమే అంత పోయించండి. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో పాతది మిగిలిపోతుంది కాబట్టి కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి.

పాలమూరు ఆటోమేటిక్:
మా షోరూమ్ మెకానిక్ దీనికి పూర్తిగా రివర్స్ చెప్పాడు, ఒకేసారి మెషీన్‌తోనే మేలని. ఆలోచిస్తా.

పానగల్లు వాసి:
నిన్న విప్పించి చూశాను, బావ పక్కనే నిలబడ్డాడు. పక్క బోల్టు తీసి వేలు పెడితే ఆయిల్ తగల్లేదు. రెండో కణుపు దాకా వంచితే అప్పుడు తగిలింది. పాల చాయ లేదు, ముదురు టీ రంగు. కింది బోల్టు అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద పట్టి ఉంది. వేళ్ల మధ్య నలిపితే నున్నగా ఉంది, రవ్వలు ఏమీ గుచ్చుకోలేదు. గేర్‌బాక్స్ వెనక, హౌసింగ్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చే చోట జిడ్డు, దానికి దుమ్ము అంటుకుని నల్లగా గడ్డకట్టింది.

దేవరకొండ షెడ్డు:
ఆ నున్నటి ముద్ద మామూలు అరుగుదలే, భయం లేదు. పళ్ల ముక్కలు రాకపోతే చాలు. మీ అసలు జబ్బు వెనక ఆయిల్ సీలు, అంటే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా పట్టే రింగు. నిలబడే బండికి సీళ్లు ఎండి గట్టిపడతాయి. మనం ఆయిల్ పాతదా కొత్తదా అని కొట్టుకుంటున్నాం, అది ఉందా లేదా అన్నది ఎవరూ అడగలేదు. సీలు మార్చాలంటే ఎలాగూ ఆయిల్ దించాలి, కొత్తదే పోయండి. గేర్ ఆయిళ్లలో రకాలుంటాయి, గేర్‌బాక్స్‌కు పుస్తకంలో జీఎల్ 4 అని ఉంటే హౌసింగ్‌లో పోసే జీఎల్ 5 డబ్బా దాంట్లో వంచనీయకండి. జీఎల్ 5లో కలిపే మందులకు గేర్‌బాక్స్ లోపలి ఇత్తడి రింగులు దెబ్బతినొచ్చు, గేర్లు పడేటప్పుడు గరగర మొదలవుతుంది. స్టీరింగ్ ఆయిల్ ఎర్రగా, శుభ్రంగా ఉంటే వదిలేయండి.

కూలెంట్ ఎప్పుడు పోశారో తెలియదు కాబట్టి మార్చండి. బోరు నీళ్లు మాత్రం కలపొద్దు, మన నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లకు రేడియేటర్ పూడుకుపోతుంది.

కెమిస్ట్రీ మాస్టారు, మిర్యాలగూడ:
సలహా సరైనదే, కారణం కాదు. ఫ్లోరైడ్ మన ఎముకలకు శత్రువు. రేడియేటర్‌లో తెల్లగా పేరుకునేది కాల్షియం, మెగ్నీషియం ఉప్పు. బోరు నీళ్లలో రెండూ ఉంటాయి, అందుకే నేరం ఫ్లోరైడ్ మీద పడుతుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి.

జడ్చర్ల లైన్ డ్రైవర్:
సీలు పోయింది కాబట్టి ఆయిల్ మారుస్తున్నారు, ఏళ్లు నిండినందుకు కాదు. నా మాట నిలబడ్డట్టే.

పానగల్లు వాసి:
బావ కూడా అచ్చం ఇదే అన్నాడు. సీలు, గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ చేయిస్తున్నాం. హౌసింగ్ చూశాకే. ఇంకో మాట, బావ వారానికోసారి బండి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేస్తాడు. మంచిదేనా?

దేవరకొండ షెడ్డు:
అది మాన్పించండి. ఐదు నిమిషాల్లో ఇంజన్ సరిగ్గా కాగదు, పుట్టిన తడి ఆవిరై పోక ఆయిల్‌లోనే ఉండిపోతుంది. గేర్‌బాక్స్ సీళ్లకైతే ఆ ఐదు నిమిషాల వల్ల ఒరిగేదేమీ లేదు. నెలకోసారైనా నార్కట్‌పల్లి దాకా వెళ్లి టీ తాగి రమ్మనండి. ప్రయాణం రోజు పొద్దున్నే బయల్దేరండి, రాత్రి 9 దాటితే మన్ననూరు దగ్గర అడవి గేటు వేసేస్తారు.