‘ముఠా కార్మికులు’ అని అర్జీలో రాయవచ్చునా?

ప్రశ్న (నెల్లూరు):
పెద్దలకు నమస్కారం. మా నాన్నగారు ఇక్కడి ఒక బియ్యం మిల్లులో ముఠా పని చేస్తారు. బస్తాకు ఇచ్చే కూలి పెంచాలని కోరుతూ యజమానికి ఇవ్వబోయే అర్జీని నన్ను రాయమన్నారు. దొంగల ముఠా, గంజాయి ముఠా అని రోజూ పత్రికల్లో చదివేవారికి ‘ముఠా కార్మికులము’ అంటే చెడ్డగా తోస్తుందనీ, ‘కార్మిక బృందం’ అని మార్చమనీ ఒక మిత్రుడు అంటున్నాడు. మూటలు మోసేవారు కనుకనే ముఠా అయిందని కూడా చెప్పాడు. ఏది సరి?

సమాధానం (ఒంగోలు):
మార్చవలసిన పని లేదు. ముఠా అంటే ఒక పనికోసం కట్టుగా ఉండే మనుషుల గుంపు; మంచిచెడ్డలు దాని ముందు చేరే మాటను బట్టి వస్తాయి. మా వైపు పొగాకు బేళ్లు దించేవారినీ, మిరప కోతలకు ఊరు విడిచి వచ్చే కూలీలనూ కూడా ముఠాలనే అంటాము. ముఠాకు పెద్దగా ఉండే మేస్త్రీ పని ఒప్పుకుంటాడు, లారీకి ఇంత అని వచ్చిన కూలిని సాయంత్రం అందరికీ పంచుతాడు. నా దృష్టిలో ఆ పంపకమే ఈ మాటకు ప్రాణం. ‘బృందం’ అంటే అది పోతుంది. తనిఖీకి వచ్చే అధికారులకో, కోలాటం వేసేవారికో ఆ మాట నప్పుతుంది. ‘ముఠా కార్మికుల సంఘం’ అని సంఘాలే పేరు పెట్టుకున్నాయి కదా.

వాక్యంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ‘ముఠా వచ్చింది’ అనడం వ్యాకరణరీత్యా తప్పు కాకపోయినా, ‘ముఠావాళ్లు వచ్చారు’ అనడమే మర్యాద.

మరొక సమాధానం (మార్కాపురం):
మూటతో ముడిపెట్టడం సరికాదు. గోదావరి, విశాఖ మన్యంలో కొన్ని గ్రామాల సముదాయాన్ని ముఠా అనేవారు, దానిపై అధికారం ఉన్నవాడు ముఠాదారు. 1922–24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాట చరిత్రలో ఈ మాట తరచుగా వస్తుంది. ఆ ముఠాల రద్దుకు 1969లో ప్రత్యేక నిబంధన చేశారు. అక్కడ మూటల ప్రసక్తే లేదు. ఇక ‘ముఠా తగాదాలు’ అన్నప్పుడు పార్టీలోని వర్గాలని అర్థం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. కార్మిక శాఖకు కూడా నకలు పంపుతున్నాము. ‘హమాలీలు’ అంటే వారికి ఇంకా సులువుగా తెలుస్తుందా?

సమాధానం (ఒంగోలు):
తెలుస్తుంది. అయితే హమాలీ అనేది ఒక్కొక్క మనిషి చేసే పనికి పేరు. మీరు అడుగుతున్నది అందరూ కలిసి పంచుకునే కూలి. కనుక మొదటి వాక్యాన్ని ‘మిల్లులో బస్తాల ఎగుమతి, దిగుమతి పనులు చేసే ముఠా కార్మికులము’ అని రాసి, ఆ తరువాత అంతటా ‘మేము’ అని కొనసాగించండి. చివర మేస్త్రీ గారి సంతకం ఒక్కటే పెట్టించి ఊరుకోవద్దు; ముఠాలోని ప్రతి ఒక్కరి పేరూ రాసి, ఎదురుగా సంతకమో వేలిముద్రో తీసుకోండి.