విన్నిపెగ్ జెట్స్ పాత రికార్డులు ఇప్పుడు ఏ టీమ్ లెక్కలోకి వస్తాయి?

అందరికీ నమస్కారం, ఐస్ హాకీ బాగా తెలిసినవాళ్ళు కాస్త సాయం చేయండి. మేం కెనడాలోని విన్నిపెగ్‌లో ఉంటాం. మొన్న ఒక సెకండ్‌హ్యాండ్ షాపులో మావాడికి పాత జెట్స్ జెర్సీ దొరికింది, వీపు మీద 13, సెలానె అని కుట్టి ఉంది, ఒక అక్షరం అంచున దారం ఊడిపోయింది. అప్పటి జెట్స్ ఆటగాడు సెలానె 1992-93లో, తన మొదటి సీజన్‌లోనే 76 గోల్స్ కొట్టాడు. "నాన్నా, ఆ రికార్డు మన టీమ్‌దేనా?" అన్నాడు వాడు, నేను గట్టిగా చెప్పలేకపోయాను.

నాకు తెలిసింది ఇదీ: 1972లో డబ్ల్యూహెచ్ఏలో (అప్పట్లో నడిచిన మరో హాకీ లీగ్) మొదలై, ఆ లీగ్‌లో మూడుసార్లు కప్పు గెలిచి, 1979లో ఇప్పటి పెద్ద హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్ఎల్‌లోకి వచ్చిన జెట్స్ 1996లో ఫీనిక్స్ వెళ్ళిపోయి కయోటీస్ అయింది. ఇప్పుడున్న జెట్స్ 2011లో అట్లాంటా నుంచి వచ్చిన త్రాషర్స్. పైగా 2024లో కయోటీస్ ఆటగాళ్ళు యూటా వెళ్ళారు గానీ పాత చరిత్ర మాత్రం వాళ్ళతో వెళ్ళలేదు.

మరి ఆ 76 గోల్స్‌ని క్లబ్ రికార్డుగా ఎవరి పేరు కింద రాయాలి? డబ్ల్యూహెచ్ఏ ఏళ్ళ లెక్కలు సీజన్ల వారీగా ఎక్కడ దొరుకుతాయి? 1996కి ముందు నుంచి ఇక్కడున్న తెలుగువాళ్ళెవరైనా ఉంటే, టీమ్ వెళ్ళిపోయిన రోజులు ఎలా ఉండేవో కూడా చెప్పండి, మావాడికి వినాలని చాలా ఉంది.