మడోన్నా ‘కన్ఫెషన్స్ ఆన్ ఎ డాన్స్ ఫ్లోర్’ ఇప్పుడు మళ్ల ఎవరన్న విన్నరా?

కాజీపేట_లోకో:
ఈ ఆల్బమ్ 2005 నవంబర్‌ల వచ్చింది. అప్పట్ల హన్మకొండ చౌరస్తా దిక్కు నెట్ సెంటర్లల్ల ఎంపీత్రీ సీడీలు కొట్టించుకునేటోళ్లం కదా, తెలుగు హిందీ ఇంగ్లీష్ అన్ని కలిపి, అందుల ఈమె పాటలు కొన్ని పడ్డయి. హంగ్ అప్ ఒక్కటి ఓకే అనిపించింది, అది గూడ పాత స్వీడన్ పాప్ బ్యాండ్ ఆబ్బా వాళ్ల ట్యూన్ ఉన్నందుకు, మిగిలినయన్ని ఒక్కటే డుబుడుబు, పైకెల్లి ప్రతి పాట చివర్ల ఠక్కున కట్ అయితుండె, ఎవడో సీడీల కెల్లి పాటలు సక్కగ కాపీ చెయ్యలేదని తీసి పక్కన పెట్టిన. 2025ల ఆమె మళ్ల ఈ ఆల్బమ్ ప్రొడ్యూసర్ స్టువర్ట్ ప్రైస్‌తోనే డాన్స్ ఆల్బమ్ చేస్తున్న అని చెప్పిన ముచ్చట చదివి, మొన్న సికింద్రాబాద్ పోయేటప్పుడు కాజీపేటల రైలు ఎక్కంగనే మొదటి పాట పెట్టిన. జనగామ ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో సోయి లేదు, ఆలేరు దిక్కు వచ్చేదాక ఒక్క పాట గూడ స్కిప్ కొట్టలే. పాటకూ పాటకూ నడుమ గ్యాపే లేదు భయ్యా! అప్పుడు కట్ అయిందనుకున్నది ఇదే.
కాని ఇంటికొచ్చి అందులదే ఫోర్బిడెన్ లవ్ పాట ఒక్కటే పెడితే ఏం ఎక్కలే. వరుసగ వింటేనే మజా వస్తున్నదంటే ఆల్బమ్ అంత గట్టిదా, లేకపోతే పాటలు అంత వీకా? మీరేమంటరు?

బరాత్_బేస్:
అన్నా నేను పెండ్లిళ్లకు డీజే కొడ్త, మా లెక్క చెప్త విను. బరాత్‌ల పాట ఆగిందంటే ఎగురుడు ఆగుతది, ఎగురుడు ఆగితే మల్ల జనాన్ని లేపాల్నంటే పాణం పోతది, అందుకే ఒక పాట దిగుతుంటెనే ఇంకోటి స్పీడ్ కలిపి కిందికెల్లి లేపుతం. ఈ ఆల్బమ్ మొత్తం గట్లనే కట్టిర్రు, 12 పాటలు, 56 నిమిషాల చిల్లర, ఒకటే సెట్. స్టువర్ట్ ప్రైస్ గూడ డీజేనే కదా. హంగ్ అప్ మొదట్ల గడియారం టిక్ టిక్ అంటది చూడు, ఆ తర్వాత ఆబ్బా ట్యూన్ నీళ్లల్లకెల్లి వస్తున్నట్టు మసకగ మొదలై మెల్లమెల్లగ తేటగయితది, అది ఫిల్టర్ తిప్పుడే, రోజూ మేం చేసేదే, కాని అంత ఓపికగ తిప్పుడు మాకు చేతకాదు, బరాత్ జనం తిడ్తరు 😀
పాటలు వీక్ అనుడు మాత్రం ఒప్పుకోను. సెట్‌ల అన్ని పాటలు తలకాయెత్తి నిలబడొద్దు, కొన్ని దారి ఇయ్యాలె.

నక్కలగుట్ట_నైట్స్:
దారి ఇచ్చే పాటలు సరే గని ఐ లవ్ న్యూయార్క్ లిరిక్స్ ఎవరు భరిస్తరు అన్నా, ఎన్నేండ్లు పోయినా అది బాగుపడదు. 2003ల అమెరికన్ లైఫ్ ఆల్బమ్‌కు దెబ్బ తిన్నంక సేఫ్‌గ డిస్కోకు వాపస్ వచ్చింది, గంతే. ఆబ్బా ట్యూన్ తీస్తే హంగ్ అప్‌ల ఏం మిగుల్తది? గ్రామీ వచ్చిందని మీరంటరు, 2007ల బెస్ట్ ఎలక్ట్రానిక్ డాన్స్ ఆల్బమ్, సరే వచ్చింది, కాని అమెరికాలనే హంగ్ అప్ హాట్ 100 పాటల చార్ట్‌ల 7 కాడ ఆగింది.

బరాత్_బేస్:
అమెరికా రేడియోల ఆడకపోతే పాట తప్పా తమ్మీ? బ్రిటన్‌ల నంబర్ వన్ కదా. ఇగ ఆబ్బా వాళ్లు శాంపిల్‌కు, అంటే వాళ్ల పాట ముక్క వేరేటోళ్లు వాడుకునుడుకు, అంత అల్కగ ఒప్పుకోరు, అంతకుముందు ఫ్యూజీస్ అనే హిప్‌హాప్ గ్రూప్‌కు ఒక్కళ్లకే ఇచ్చిర్రు, ఈమె అడిగి ఒప్పించుకున్నది. ఈ ఆల్బమ్‌లనే ఫ్యూచర్ లవర్స్ పాట విను ఒకసారి, అందుల డోనా సమ్మర్ 1977 ఐ ఫీల్ లవ్ వాసన కొట్టొచ్చినట్టు ఉంటది, దాసిపెట్టే ప్రయత్నం గూడ చెయ్యలే, టూర్ల ఆ రెండు పాటలు కలిపే పాడింది. పాత డిస్కోను ఎత్తుకొచ్చుడు కాదు అది, ఎవరి దగ్గర నేర్చుకున్నదో చెప్పుడు.

సుబేదారి_సుజాత:
మీ లొల్లి నడుమ ఐజాక్ పాటను ఎవరూ పట్టించుకోలే ఏంది? నాకు ఆల్బమ్‌ల అదే అన్నిటికన్న పైన. యిత్జాక్ సిన్వానీ అనే ఆయన గొంతు హీబ్రూల వస్తది, యెమెన్ యూదుల పాత కవిత ‘ఇమ్ నినాలు’ అది, 80లల్ల ఓఫ్రా హాజా పాడి డాన్స్ క్లబ్బులకు ఎక్కిచ్చిన పాటే. వెనక బీట్ నడుస్తనే ఉంటది, ముందట ఆయన ప్రార్థన లెక్క గుంజుతుంటడు. నక్కలగుట్ట తమ్ముడూ, సేఫ్ ఆడేటోళ్లు డాన్స్ ఆల్బమ్‌ల గిట్లాంటిది పెడ్తరా? న్యూయార్క్ పాట సంగతి మాత్రం నీ మాటే నా మాట, నేనూ స్కిప్పే.

కాజీపేట_లోకో:
అక్కా ఐజాక్ రైల్ల విన్న కాని సరిగ్గ అప్పుడే చాయ్ చాయ్ అనుకుంట వచ్చిండు, సగం పోయింది 😅 మల్ల వింట. కాని నాకింక ఒక డౌట్, ఫోన్ల షఫుల్ ఆఫ్ చేసినా ఒకటి రెండు చోట్ల పాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు గలీజుగ వస్తున్నది?

బరాత్_బేస్:
క్రాస్‌ఫేడ్, అంటే ఒక పాట చివరను ఇంకో పాట మొదటితోని కలిపేది, ఆన్ ఉంటది చూడు, సెట్టింగ్స్‌ల బంద్ చెయ్యి, గ్యాప్‌లెస్ అని ఉంటే అది ఆన్ చెయ్యి. వాళ్లు ముందే కలిపిన దాన్ని ఫోన్ మల్ల కలుపుతున్నది. ఇంకోటి, విడివిడిగ ఉన్న అన్‌మిక్స్‌డ్ వర్షన్ గూడ ఉన్నది, పాట చివర్ల మెల్లగ అయిపోతే అది అన్‌మిక్స్‌డ్, ఠక్కున కోసినట్టు ఆగితే నీక్కావాల్సిందదే.